మొదటి పన్నెండు ఎల్‌యూహెచ్‌లు సియాచిన్‌కా, మైదానానికా?

చేతక్_చూపు

ముందు రెండు ముక్కల్లో నేపథ్యం. చీతా, చేతక్ అనే పాత తేలికపాటి హెలికాప్టర్ల స్థానంలోకి రావాలని ప్రభుత్వ విమాన తయారీ సంస్థ హెచ్‌ఏఎల్ తయారుచేసిన లైట్ యుటిలిటీ హెలికాప్టర్ (ఎల్‌యూహెచ్) 2016 సెప్టెంబర్ 6న బెంగళూరులో మొదటిసారి ఎగిరింది. నాగ్‌పూర్ ఎండలో, చెన్నై, పుదుచ్చేరి తీరాల్లో, లేహ్ చలిలో పరీక్షలు జరిగాయి. 2020 ఫిబ్రవరిలో వాయుసేన రకానికి, 2021 ఫిబ్రవరిలో సైన్యం రకానికి ప్రాథమిక అనుమతి దొరికింది. అవసరం మొత్తం 187 అని లెక్క తేల్చారు: సైన్యానికి 126, వాయుసేనకు 61. అందులో తొలి విడత 12 కొనడానికి 2021 నవంబర్‌లో ఆమోదం వచ్చింది, చెరి ఆరు. తుమకూరు జిల్లా గుబ్బి తాలూకాలో కొత్త ఫ్యాక్టరీ 2023 ఫిబ్రవరి 6న మొదలైంది. అయినా హెలికాప్టర్లు అనుకున్న వేళకు చేతికి రాలేదు. ఆటోపైలట్ అమర్చడం దగ్గర పని సాగిందని వార్తల్లో చదివాం.

ఇప్పుడు ప్రశ్న. ఆ పన్నెండింటినీ మొదట ఎక్కడ పెట్టాలి? ఎక్కువమంది నోట వచ్చే జవాబు "సియాచిన్, ఇంకెక్కడ" అనే. నాది వేరే మాట. పన్నెండూ ఒకే చోట, మైదానంలో, కనీసం ఒక ఎండాకాలం, ఒక వానాకాలం పూర్తిగా గడిచేదాకా ఉండాలి. ఆ తర్వాతే పైకి.

ఎందుకంటే చీతా నుంచి ఎల్‌యూహెచ్‌కు మారడమంటే పాత కారు ఇచ్చి కొత్త కారు తీసుకున్నట్టు కాదు. ఇంజిన్ స్వభావమే వేరు. చీతాలోని ఆర్టూస్ట్ ఒకే షాఫ్ట్ ఇంజిన్. ఎప్పుడూ ఒకే వేగంతో తిరుగుతుంది కాబట్టి పైలట్ ఎడమచేతి కింది మీట, కలెక్టివ్, లాగగానే శక్తి అందుతుంది. ఎల్‌యూహెచ్‌లోని ఆర్డిడెన్ 1యూలో, హెచ్‌ఏఎల్ పిలుపులో శక్తి 1యూలో, రోటర్‌ను, అంటే పైన తిరిగే రెక్కల్ని, తిప్పే టర్బైన్ విడిగా ఉంటుంది. గ్యాస్ జనరేటర్, అంటే ఆ టర్బైన్‌కు వేడి వాయువు పంపే ఇంజిన్ భాగం, వేగం అందుకోవడానికి ఒక చిన్న వ్యవధి పడుతుంది. దాన్ని ఫాడెక్ అనే కంప్యూటర్ చూసుకుంటుంది. మైదానంలో ఆ వ్యవధి తెలియను కూడా తెలియదు. పద్దెనిమిది వేల అడుగుల ఎత్తున, గాలి సగమైపోయిన చోట, మంచు గుట్ట అంచున దిగుతూ ఆలస్యంగా కలెక్టివ్ లాగితే రోటర్ వేగం పడిపోతుంది. చీతా మీద వేల గంటలు ఎగిరిన చెయ్యి పాత అలవాటునే వెతుక్కుంటుంది. ఆ అలవాటు మార్చుకోవాల్సింది కింద, పొడవాటి రన్‌వే మీద, పక్కన ఇన్‌స్ట్రక్టర్ ఉండగా.

రెండోది ఆటోరొటేషన్, అంటే ఇంజిన్ ఆగినప్పుడు రెక్కల్ని గాలికే తిప్పుకుంటూ దిగడం. సింగిల్ ఇంజిన్ హెలికాప్టర్‌కు ప్రాణం ఇదే. నేలదాకా దిగే సాధన అంత ఎత్తున ఎవరూ చేయించరు. పల్చటి గాలిలో హెలికాప్టర్ ఎక్కువ వేగంతో కిందికి వస్తుంది, చివర్లో ముక్కు ఎత్తి వేగం చంపే ఊపు కూడా తక్కువ దొరుకుతుంది.

హిమగిరి

గౌరవంతోనే కాదంటున్నాను. ఈ వాదన వినడానికి పద్ధతిగా ఉంది కానీ ఆ ఏడాది పాటు పైన ఎగిరేది ఎవరు, దేనిలో అన్నది మీ లెక్కలో లేదు.

చీతా అసలు రూపం ఫ్రాన్స్ వాళ్ల లామా. 1960ల చివర మన సైన్యం హిమాలయాల కోసం అడిగితేనే ఆలూయెట్ 2 శరీరానికి ఆలూయెట్ 3 ఇంజిన్, రోటర్ తగిలించి తయారుచేశారు. 1969 మార్చి 17న ఎగిరింది. ఇన్నేళ్లూ సియాచిన్‌లో సైన్యం నడిపే ఆపరేషన్ మేఘ్‌దూత్ పోస్టులకు కిరోసిన్, మందులు, ఉత్తరాలు అదే మోసింది. ఒక్కో పోస్టుకు ఒక్కో ట్రిప్పులో చేరేది ఒక జెర్రీక్యాన్, కొంచెం సామాను, అంతే. రోటర్ ఆపకుండా, ముప్పై సెకన్లలో దించేసి వచ్చేయాలి. అది గొప్ప హెలికాప్టరే. కానీ తయారీ ఆగిపోయిన పాత డిజైన్. ఆటోపైలట్ లేదు, దూలాల్లాంటి గొట్టాల తోక, ప్రమాదంలో పైలట్‌ను కాపాడే సీటు లేదు.

2022 అక్టోబర్‌లో తవాంగ్ దగ్గర చీతా కూలింది. 2023 మార్చి 16న అరుణాచల్‌లో మండలా దగ్గర మరోటి కూలి ఇద్దరు అధికారులు పోయారు. వారిలో లెఫ్టినెంట్ కల్నల్ వి.వి.బి. రెడ్డి మన తెలంగాణ మనిషి. ఆ వార్త ఇక్కడ చాలామందికి ఇంకా గుర్తుంది.

ఎల్‌యూహెచ్ ఎత్తుకే పుట్టింది. 2020లో లేహ్ నుంచి లద్దాఖ్ సరిహద్దులోని దౌలత్ బేగ్ ఓల్డీ, సియాచిన్ దాకా తీసుకెళ్లి అన్నిటికన్నా ఎత్తయిన హెలిప్యాడ్ మీద దింపి చూపించారు. అంత పరీక్ష నెగ్గిన యంత్రాన్ని తీసుకొచ్చి ఏడాది పాటు కింద తిప్పుతామంటే పోస్టు మీద ఉన్న జవాన్‌కు ఏం చెబుతాం?

బోల్టు_నట్టు

ఇద్దరూ పైలట్ వైపు నుంచే మాట్లాడుతున్నారు. కొత్త హెలికాప్టర్‌ను నేలమీద నిలబెట్టేసేది ఎక్కువగా ఎత్తు కాదు, స్పేర్లు. అందుకే "ఎక్కడ" కంటే ముందు "ఎన్ని చోట్ల" అని అడగాలి.

ఆరు సైన్యానికి, ఆరు వాయుసేనకు అని రాసుకుంటే కాగితం మీద న్యాయంగా ఉంటుంది. పనిలో ఏమవుతుందో చూడండి. ఆరు ఉన్న యూనిట్‌లో ఒకటి ఎప్పుడూ షెడ్యూల్ సర్వీసింగ్‌లో ఉంటుంది. మొదటి ఏడాది ఇంకోటి ఏదో భాగం కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది. ఆ కూర్చున్న దాని నుంచి పంపో, యాక్చుయేటరో విప్పి మూడో దానికి వేస్తారు. దీన్నే క్యానిబలైజ్ చేయడమంటారు. ఒక భాగాన్ని విప్పి బిగించిన ప్రతిసారీ రెండు హెలికాప్టర్ల మీద పని పడుతుంది, రెండింటికీ పరీక్ష చేయాలి, కనెక్టర్ల పిన్నులు అరుగుతాయి. మూడు నెలలు ఇలా చేస్తే కూర్చున్న హెలికాప్టర్ ఒట్టి డొల్ల. దాన్ని తిరిగి నిలబెట్టడానికి కొత్తది తయారుచేసినంత పని.

పన్నెండూ ఒకే చోట ఉంటే ఒక స్పేర్ గేర్‌బాక్స్ పన్నెండింటికీ కాపలా. రెండు చోట్ల ఉంటే రెండు కావాలి. టూల్స్ కూడా అంతే. హైడ్రాలిక్ రిగ్, బయటి నుంచి కరెంటిచ్చే బండి, జాకీలు, రెక్కలు ఎత్తే స్లింగ్, ఇంజిన్ లోపలికి చూసే బోరోస్కోప్, కంప్రెసర్ కడిగే సామగ్రి, ఫాడెక్ డేటా దించుకునే ల్యాప్‌టాప్. ఇందులో ఏ ఒక్కటి లేకపోయినా ఆ రోజు సార్టీ, అంటే ఎగిరే ట్రిప్పు, లేదు. ప్రతి స్థావరానికీ పూర్తి సెట్ పంపాలి. మొదటి విడతలో అన్ని సెట్లు ఎవరి దగ్గరా ఉండవు.

లేహ్‌లోనైతే ఇంకో సమస్య. చలికాలంలో రోడ్డు మూసుకుపోతే గేర్‌బాక్స్ వచ్చేది రవాణా విమానంలోనే. ఆ విమానంలో దానికంటే ముందు వరుసలో రేషన్ ఉంటుంది, మనుషులుంటారు.

గాలిమర

ఎత్తు గురించి అంకెలు లేకుండా వాదిస్తే ఎటూ తేలదు. నా దగ్గరున్న లెక్క ఇది.

దౌలత్ బేగ్ ఓల్డీ సుమారు 5,000 మీటర్లు. ప్రామాణిక లెక్కలో అక్కడ ఉండాల్సిన ఉష్ణోగ్రత మైనస్ 17.5. ఎండాకాలపు పరీక్షల్లో చెప్పిన షరతు దానికన్నా 32 డిగ్రీలు ఎక్కువ, అంటే దాదాపు 14 డిగ్రీల వేడి. ఆ ఎత్తు, ఆ వేడి కలిస్తే గాలి సాంద్రత సముద్రమట్టంలో ఉన్నదానిలో 53 శాతం. రోటర్‌కు అది 20 వేల అడుగుల ఎత్తుతో సమానం. అందుకే పైకి సార్టీలన్నీ తెల్లవారుజామునే పెడతారు. మధ్యాహ్నానికి ఎండ ఎక్కితే అదే హెలిప్యాడ్ మరో రెండు వేల అడుగులు పైకి జరిగినట్టు.

ఇప్పుడు బరువు. చీతా ఖాళీ బరువు వెయ్యి కిలోల పైచిలుకు, లోపల సామానుతో గరిష్ఠంగా 1,950 కిలోలు. ఎల్‌యూహెచ్ ఖాళీ బరువే దాదాపు 1,900 కిలోలు, గరిష్ఠం 3,150. అంటే చీతా నిండా బరువుతో ఎంత ఉంటుందో ఎల్‌యూహెచ్ ఒట్టిది అంత ఉంటుంది. రోటర్ వ్యాసం మాత్రం చీతాది 11 మీటర్లు, దీనిది 11.6 మీటర్లు. పెద్ద తేడా లేదు. రోటర్ తిరిగే వృత్తంలో ఒక్కో చదరపు మీటరు మీద పడే బరువు చీతాలో గరిష్ఠంగా 20 కిలోలు, దీనిలో 30 దాకా. పోస్టు మీద ఎవరూ నిండు బరువుతో దిగరు. ఇద్దరు పైలట్లు, కొంచెం ఇంధనం, కొంచెం సామాను కలిపి 2,300 నుంచి 2,400 కిలోల మధ్య అనుకుంటే 22, 23 కిలోలు. అయినా చీతా కంటే ఎక్కువే. కిందికి కొట్టే గాలి గట్టిగా ఉంటుంది, పొడి మంచు ఎక్కువగా లేస్తుంది, పైలట్‌కు నేల కనపడని తెల్లటి మబ్బు దట్టంగా కమ్ముతుంది.

ఇంకో సంగతి ఎవరూ ఎత్తడం లేదు. పైన కొన్ని హెలిప్యాడ్లు జెర్రీక్యాన్లు, చెక్కలు, గట్టిపడిన మంచు కలిపి చీతా కొలతకు కట్టుకున్నవి. వాటి మీద అంతకన్నా ఐదారు వందల కిలోల ఎక్కువ బరువు రోజూ దిగి లేస్తుంటే ఏ చలికాలం ఏ అంచు కుంగుతుందో చూడాలి. హెలికాప్టర్ సిద్ధమైనా ప్యాడ్ సిద్ధం కావాలి కదా. ప్యాడ్ చుట్టుకొలత పెంచడం, అంచులు గట్టిపరచడం వేసవి నాలుగు నెలల్లో తప్ప కుదిరే పని కాదు.

హిమగిరి

గాలిమర గారూ, ప్యాడ్ల మాట ఒప్పుకుంటున్నాను. కానీ మీ లెక్కలో సగమే చెప్పారు. బరువు పెరిగింది, నిజమే. శక్తి? చీతా ఇంజిన్‌ది 870 హార్స్‌పవర్. గేర్‌బాక్స్ తట్టుకునేది 550 మాత్రమే కాబట్టి అక్కడికి కట్టేశారు. ఆ మిగులే ఎత్తులో పనికొస్తుంది. ఎత్తు పెరిగేకొద్దీ ఇంజిన్ బలహీనపడినా చాలా దూరం వరకు 550 ఇస్తూనే ఉంటుంది. చీతా రహస్యం అదే. ఎల్‌యూహెచ్ ఇంజిన్ 750 కిలోవాట్లు, అంటే వెయ్యి హార్స్‌పవర్ పైనే. డిజైన్ వాళ్లు బరువు పెరిగిన సంగతి మరిచిపోయి కట్టలేదు.

చేతక్_చూపు

శక్తి సరిపోదని నేనూ అనలేదు. సరిపోతుందని 2020లోనే చూపించారు. కానీ టెస్ట్ పైలట్ ఒక రోజు దిగి చూపించడం వేరు, సాధారణ స్క్వాడ్రన్ పైలట్ చలికాలం పొడుగునా రోజుకు నాలుగు సార్టీలు దిగడం వేరు. లామా మీద జీన్ బూలే 1972 జూన్ 21న 12,442 మీటర్ల ఎత్తుకు వెళ్లాడు. దిగేటప్పుడు ఇంజిన్ ఆగిపోతే నేలదాకా ఆటోరొటేషన్‌లోనే దిగాడు. ఆ రికార్డు చూసి మర్నాడే ప్రతి చీతా పైలట్‌నీ 40 వేల అడుగులకు పంపలేదు.

కృష్ణాతీరం

అన్నలూ, ఒక మూల ప్రశ్న. సింగిల్ ఇంజిన్‌తోనే ఎందుకు? రెండు ఇంజిన్లది తీసుకుంటే ఈ భయాలు సగం పోవు? 2015 డిసెంబర్‌లో రష్యాతో కామోవ్ 226టీ కోసం ఒప్పందం కూడా జరిగింది. అది రెండింజిన్లదే. పైగా ఎయిర్‌బస్ హెచ్125 ఇక్కడే కోలార్ దగ్గర వేమగల్‌లో కూర్చే ఏర్పాటు జరిగింది. దాని కుటుంబానికే చెందిన హెలికాప్టర్ 2005 మేలో ఎవరెస్ట్ శిఖరం మీద దిగింది. అది తెచ్చుకుంటే?

గాలిమర

రెండింజిన్ల వాదన సముద్రం మీద, ఊళ్ల మీద గట్టిది. హిమాలయాల్లో అంత గట్టిది కాదు. గాలిలో నిలబడి ఉండటానికి అన్నిటికన్నా ఎక్కువ శక్తి కావాలి. 5,500 మీటర్ల ఎత్తున పోస్టు అంచున నిలిచి ఉండగా రెండింట్లో ఒక ఇంజిన్ ఆగితే మిగిలినది ఒక్కటే ఆ హెలికాప్టర్‌ను నిలబెట్టలేదు. కిందికి పోవాల్సిందే. ముందుకు ఎగురుతున్నప్పుడు మాత్రం రెండో ఇంజిన్ ఉపయోగం. లోయ వెంట కిందికి జారుతూ దిగువ స్థావరం దాకా రావచ్చు. ఆ లాభానికి ప్రతిగా రెండో ఇంజిన్ బరువు, దాని గేరింగ్ బరువు ప్రతి సార్టీలోనూ మొయ్యాలి. ఎత్తులో ఒక్కో పది కిలోలూ లెక్కే.

కామోవ్ సంగతి. 200 హెలికాప్టర్ల ఒప్పందం దేశీయ భాగాల శాతం దగ్గర, ధర దగ్గర చిక్కుకుంది. ఇది మొదటిసారి కూడా కాదు. ఫ్రాన్స్ ఫెన్నెక్‌ను దాదాపు ఎంచుకున్నాక 2007 డిసెంబర్‌లో ఆ టెండర్ రద్దయింది. 2008లో 197 హెలికాప్టర్లకు మళ్లీ పిలిచారు, అదీ 2014 ఆగస్టులో రద్దయింది. ఇప్పుడు 2025 ఆగస్టులో రక్షణ శాఖ 200 హెలికాప్టర్లకు, సైన్యానికి 120, వాయుసేనకు 80, కంపెనీల నుంచి సమాచారం కోరింది. హెచ్125 లాంటివి ఆ దారిలో రావచ్చు. ఎవరెస్ట్ మీద దిగింది నిజమే, దాంట్లో పైలట్ ఒక్కడే ఉన్నాడు. మన పని సామాను మోసి, గాయపడ్డవాణ్ణి వెనక్కి తేవడం.

ఏది వచ్చినా ఈ చర్చలోని ప్రశ్న మాత్రం మారదు. మొదటి డజను ఎక్కడ?

సున్నా_డిగ్రీ

మైదానం వాదనకు ఇంకో ఆధారం. అమెరికా సైన్యం 2006లో యూహెచ్-72 లకోటా అనే తేలికపాటి హెలికాప్టర్ తీసుకుంది. యూరప్‌లో అప్పటికే అంబులెన్స్‌గా, పోలీసు హెలికాప్టర్‌గా పేరున్న డిజైన్. కొత్తగా కనిపెట్టిందేం లేదు. 2007 వేసవిలో కాలిఫోర్నియా ఎడారిలో ఫోర్ట్ అర్విన్ దగ్గర పరీక్షిస్తే కాక్‌పిట్ ఉడికిపోయింది. ఎలక్ట్రానిక్ పరికరాల హద్దు 40 డిగ్రీల చిల్లర. లోపలి వేడి అది దాటితే కిందికి దిగి చల్లబడేదాకా ఆగాల్సి వచ్చింది. చివరికి తలుపులకు గాలి మార్గాలు పెట్టారు, కొన్నింటికి ఏసీ బిగించారు.

ఎల్‌యూహెచ్ ముందు భాగమంతా అద్దమే. కాక్‌పిట్ అంతా తెరలే. చీతాలో గుండ్రటి గడియారాల్లాంటి మీటర్లు, వాటికి ఎండ ఒక లెక్క కాదు. నాగ్‌పూర్‌లో పరీక్షలు జరిగాయి, బాగానే ఉంది. అయితే పరీక్ష హెలికాప్టర్‌కు చుట్టూ ఇంజినీర్లుంటారు, సార్టీ అయిపోగానే షెడ్‌లోకి తోస్తారు. మేలో జోధ్‌పూర్‌లోనో మన హకీంపేటలోనో టార్మాక్ మీద రెండు గంటలు తలుపులు మూసి నిలబెట్టి అప్పుడు స్టార్ట్ చేసి చూడాలి. హకీంపేట హెలికాప్టర్ స్కూల్లో ఏళ్ల తరబడి చేతక్‌లే విద్యార్థుల్ని మోస్తున్నాయి. వాటి స్థానంలోకీ ఒకనాడు ఏదో తేలికపాటి హెలికాప్టర్ రావాలి కదా. సైన్యం పైలట్లకు నాసిక్ శిక్షణ కేంద్రం ఉంది. మొదటి ఇన్‌స్ట్రక్టర్లు తయారవ్వాల్సింది అలాంటి చోట్లే.

హిమగిరి

ఎండ పరీక్ష అవసరమే, కాదనను. కానీ చలి పరీక్ష దానికన్నా పెద్దది. అది మైదానంలో ఎన్నేళ్లు కూర్చున్నా తెలియదు. పన్నెండూ కింద ఉంటే మొదటి చలికాలం ఉత్తినే పోతుంది. పాఠాలు రెండో ఏట మొదలవుతాయి. నా మాట వినండి: పది కింద ఉంచండి, రెండు లేహ్ పంపండి. పోస్టులకు కాదు. లేహ్‌లోనే, 3,300 మీటర్ల దగ్గర, రాత్రంతా బయట నిలబెట్టి పొద్దున స్టార్ట్ చేస్తూ ఒక పూర్తి చలికాలం గడపనివ్వండి.

బోల్టు_నట్టు

దీనికి నేను ఒప్పుకుంటాను, ఒక షరతు మీద. ఆ రెండింటితో పాటు పూర్తి టూల్ సెట్, వెచ్చటి హ్యాంగర్, ఫ్యాక్టరీ నుంచి ఇద్దరు ముగ్గురు మనుషులు వెళ్లాలి. లేకపోతే అవి లేహ్‌లో నిలబడి మంచు మోయడం తప్ప చేసేదేం ఉండదు.

చలిలో ఏమేం వస్తాయో ముందే తెలుసు, చాలావరకు. అందుకని చెప్పేస్తున్నా.

వెచ్చటి హ్యాంగర్‌లోంచి మైనస్ 20లోకి తోస్తే ఎలక్ట్రికల్ కనెక్టర్ల లోపల ఉన్న తేమ గడ్డకడుతుంది. ఉదయం తెర మీద దొంగ వార్నింగులు వస్తాయి, మధ్యాహ్నానికి మాయమవుతాయి. పరీక్షకు కూర్చుంటే దొరకవు. ఈ రకం స్నాగ్‌కు, అంటే లోపానికి, "నో ఫాల్ట్ ఫౌండ్" (ఏమీ దొరకలేదు) అని రాసి వదిలేయడం అన్నిటికన్నా పెద్ద తప్పు. ఎన్ని గంటలకు వచ్చింది, బయట ఎంత ఉష్ణోగ్రత, హ్యాంగర్ నుంచి తీసి ఎంతసేపయింది అన్నీ రాస్తేనే నెల తర్వాత నమూనా బయటపడుతుంది.

రబ్బరు సీళ్లు బిగుసుకుపోయి రాత్రి హైడ్రాలిక్ నూనె చెమట పట్టినట్టు కారుతుంది. వేడెక్కాక ఆగిపోతుంది. మెకానిక్ తుడిచేసి ఊరుకుంటాడు. ఎన్ని చుక్కలు, ఎంతసేపట్లో అని లెక్కపెట్టాలి, హద్దు పుస్తకంలో ఉంటుంది.

నైట్రోజన్ నింపే భాగమేదైనా 15 డిగ్రీల దగ్గర సరిగ్గా నింపితే మైనస్ 25లో పీడనం దాదాపు 14 శాతం పడిపోయి చూపిస్తుంది. అది లీకు కాదు, భౌతికశాస్త్రం. పట్టిక చూడకుండా అక్కడే మళ్లీ నింపితే మైదానానికి వచ్చినప్పుడు ఎక్కువైపోతుంది.

బ్యాటరీ రాత్రి విప్పి వెచ్చటి గదిలో పెట్టాలి. ఇది చీతా వాళ్లకు అలవాటే. రెక్కల మీద పేరుకున్న మంచును గీకకూడదు. ఫైబర్ రెక్కలు, పైపొర చిరుగుతుంది. కవర్లు తొడగాలి, లేదంటే వెచ్చటి గాలి పట్టాలి.

ఇక స్కిడ్లు, అంటే చక్రాలకు బదులు అడుగున ఉండే రెండు కడ్డీలు. మంచు మీద నిలబెడితే అడుగు కరిగి మళ్లీ గడ్డకట్టి స్కిడ్ అంటుకుపోతుంది. పైకి లేచేటప్పుడు ఒకటి ఊడి, రెండోది పట్టుకుని ఉంటే హెలికాప్టర్ ఆ పట్టుకున్న స్కిడ్ చుట్టూ తిరగబడుతుంది. ఒకటి రెండు సెకన్ల పని. కాబట్టి కింద చెక్కలు పరచాలి. ఎగిరే ముందు ఒక మనిషి రెండు స్కిడ్లూ చుట్టూ తిరిగి తట్టి చూడాలి. చీతా బరువుకు నలుగురు పట్టి కదిపేవాళ్లు. దీన్ని కదపలేరు. చక్రాలు తగిలించి తోయాల్సిందే, మంచులో చక్రాలు కూరుకుపోతాయి. ఇలాంటి చిన్న విషయానికే పొద్దుటి సార్టీ పోతుంది.

కృష్ణాతీరం

ఆటోపైలట్ కోసం ఇంత కాలం ఆగడం అవసరమా? చీతాకు అది లేకుండానే ఇన్నాళ్లు నడిచింది కదా.

చేతక్_చూపు

నడిచింది తమ్ముడూ, పైలట్ ఓపిక మీద నడిచింది. కమ్ముకున్న మంచులో నేల కనపడనప్పుడు, సాయంత్రం వెలుతురు పోయాక గాయపడ్డవాణ్ణి తెచ్చేటప్పుడు, హెలికాప్టర్‌ను నిటారుగా పట్టి ఉంచే సాయం ఉంటే పైలట్ కళ్లు బయట ఉంటాయి. లేకపోతే కళ్లు మీటర్ల మీదే. అయితే ఇక్కడ ఒక జాగ్రత్త. ఆటోపైలట్ తగిలించాక హెలికాప్టర్ ఎగిరే తీరు మారుతుంది. ఒక ఛానెల్ హఠాత్తుగా ఆగిపోతే ఏమవుతుందో విడిగా సాధన చేయించాలి. అది లేని హెలికాప్టర్ మీద నేర్పిన పైలట్‌కు ఉన్నదాని మీద మళ్లీ నేర్పాలి. అందుకే పన్నెండూ ఒకే స్థితిలో, ఒకే సాఫ్ట్‌వేర్‌తో చేతికి రావాలని అంటాను. సగం ఒక రకం, సగం ఇంకో రకంగా తీసుకుంటే చెక్‌లిస్టులు రెండు, సిమ్యులేటర్ ఒకటి. అలసిన మనిషి తప్పు చెక్‌లిస్టు తీస్తాడు.

సున్నా_డిగ్రీ

చీతాలను ఎప్పుడు ఆపాలి అన్నది కూడా దీనితోనే ముడిపడి ఉంది. కొత్తవి రాగానే పాతవి దించేయాలనే ఒత్తిడి వస్తుంది. వద్దు. 2025 జనవరి 5న పోర్‌బందర్‌లో తీరరక్షక దళానికి చెందిన ధ్రువ్ (హెచ్‌ఏఎల్ చేసిన మరో హెలికాప్టర్) కూలాక స్వాష్‌ప్లేట్, అంటే పైలట్ చేతి కదలికను రెక్కలకు అందించే భాగం, విరిగిందని తేలింది. మూడు సేనల్లోని ధ్రువ్‌లన్నీ ఆగిపోయాయి. సైన్యం, వాయుసేనవి మళ్లీ ఎగరడానికి మే దాకా పట్టింది. ఆ నాలుగు నెలలూ భారం పాత చీతాలు, చేతక్‌ల మీదే పడింది. 2024 చలికాలంలో మంచుతో తెగిపోయే పోస్టులకు సామాను చేర్చడానికి సివిల్ హెలికాప్టర్లను కూడా కుదుర్చుకున్నారు. కొత్త హెలికాప్టర్‌కూ ఒకనాడు అలాంటి ఆగుడు వస్తుందనే అనుకుని ఏర్పాటు చేసుకోవాలి.

హిమగిరి

ఇదొక్కటి నేను ఒప్పుకోను. "ఎందుకైనా మంచిది" అంటూ చీతాను ఇంకో పదేళ్లు లాగుతారు. ఇప్పటికే అలా లాగే ఇక్కడికొచ్చాం. ఎన్ని గంటలు కొత్తవి ఎగిరాక ఎన్ని పాతవి దింపాలో మొదటి రోజే తేదీలతో సహా రాసిపెట్టండి. తేదీ లేని ఏర్పాటు మీద నాకు నమ్మకం లేదు.

బోల్టు_నట్టు

తేదీలకంటే గంటలు పెట్టండి హిమగిరి గారూ. తేదీ పెడితే హెలికాప్టర్ షెడ్‌లో కూర్చున్నా తేదీ గడిచిపోతుంది.

గంటలతోనే ఇంకో పని ఉంది. కొత్త గేర్‌బాక్స్‌కు మొదట్లో ఓవర్‌హాల్ గడువు తక్కువ పెడతారు. విప్పి చూసి, గేర్లు బాగుంటే పెంచుకుంటూ పోతారు. ఉదాహరణకు గడువు 300 గంటలనుకుందాం. ఆరు హెలికాప్టర్లూ నెలకు సమానంగా 20 గంటలు ఎగిరితే పదిహేనో నెలలో ఆరు గేర్‌బాక్సులూ ఒకే వారంలో విప్పాలి. యూనిట్ మొత్తం నేలమీదే. అందుకని ఆ 120 గంటల్నీ మెట్లు మెట్లుగా పంచాలి: 30, 25, 20, 20, 15, 10. అప్పుడు మొదటిది పదో నెలకు విప్పడానికి వస్తుంది. దాంట్లో ఏమైనా అరుగుదల కనిపిస్తే మిగతా ఐదింటికి ఇంకా టైముంది. బాగుంటే గడువు పెరిగి, రెండోది పన్నెండో నెలలో విప్పాల్సిన అవసరమే రాకపోవచ్చు.

లేహ్ పంపే రెండింట్లో ఒకటి ఆ 30 గంటల హెలికాప్టర్ కాకూడదు. దాన్ని బెంగళూరుకు దగ్గరలోనే ఉంచండి. అన్నిటికన్నా ముందు పగుళ్లు కనిపించేది దాంట్లోనే. విప్పిన గేర్‌బాక్స్ లారీ ఎక్కి సాయంత్రానికి డిజైన్ వాళ్ల బల్ల మీద ఉండాలి.

హిమగిరి

సరే. నెలకు 20 గంటలు ఎగిరేవి రెండూ లేహ్‌కు. వెళ్లేది అక్టోబర్‌లో, డిసెంబర్‌లో కాదు. చలి మొదలయ్యే ముందే హ్యాంగర్, టూల్స్, మనుషులు అక్కడ ఉండాలి. చీతాల లెక్క గంటల్లోనే రాయండి, కానీ ఆ కాగితం యూనిట్ గోడ మీద ఉండాలి.